నీటి పొట్టేలు

“నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును” అని మన పెద్దల సామెత. ఎవరును త్రోవ చూపకున్నను నీరు మిట్టనుండి పల్లమునకు పోవును. తనంత తానుగా ఒక్క అడుగైనను ఎగువకు ఎక్కదు. ఈ స్వభావమును ఆధారముగా చేసికొనియే మన పూర్వులు చెఱువులు కట్టిరి, కాలువలు త్రవ్విరి.

కృష్ణా డెల్టా అంతయు ఈ సామెతకు వ్యాఖ్యానము వంటిది. విజయవాడ వద్ద కృష్ణకు అడ్డముగా 1855లో ఆనకట్ట పూర్తియయ్యెను. 1957 నుండి ఆ పనిని ప్రకాశం బ్యారేజి చేయుచున్నది. ఈ కట్టడములు నీటిని తోడి పొలములలో పోయలేదు. నదిలోని నీటిమట్టమును కొంత పెంచి, కాలువల నోటికి అందించినవి. అటుపిమ్మట నీరు తానే పల్లము వెదకుకొనుచు సముద్రతీరము దాక పాఱి లక్షల ఎకరములను తడుపుచున్నది.

కాని భూమి యంతయు పల్లము కాదు గదా! కాలువకంటె ఎత్తైన మెరక చేలకు నీరెట్లు చేరును? అందులకై మన రైతులు ఏతాములు తొక్కిరి. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి, త్రాళ్ళు పట్టి, గూడలతో నీరు చల్లిరి. లోతైన బావులకు మోటలు కట్టి ఎద్దులచేత లాగించిరి. పిదప చమురు ఇంజనులు వచ్చినవి. వాని వెనుక విద్యుత్తు మోటారులు వచ్చినవి. పట్టిసీమ వద్ద 24 విద్యుత్ పంపులు గోదావరి నీటిని పోలవరము కుడి కాలువలోనికి ఎత్తగా, ఆ నీరు 2015లో ఇబ్రహీంపట్నము రేవు వద్ద కృష్ణలో కలిసెను. ఆ సంగమమును చూడబోవువారు రెండు నదుల కలయికను మాత్రమే చూతురు. ఆ నీటిని ఎత్తుటకు ఎంత విద్యుత్తు ఖర్చయినదో అది కంటికి కానరాదు. మనిషియో, ఎద్దో, నూనెయో, విద్యుత్తో, ఏదో యొక బలము వెచ్చింపనిదే నీరు పైకెక్కదు.

అట్లయిన, ఎద్దును, నూనెయు, విద్యుత్తును లేనిచోట నీటిని ఎత్తు ఉపాయము లేదా? కలదు. అచటి నీటి బలముచేతనే నీటిని ఎత్తింపవచ్చును. ఆ పని చేయు యంత్రమును హైడ్రాలిక్ రామ్ అందురు. ‘హైడ్రమ్’ అనియు క్లుప్తముగా వ్యవహరింతురు. ఇందులోని ‘రామ్’ శబ్దము మన రాముని పేరు కాదు. ఆంగ్లభాషలో దానికి పొట్టేలు అని అర్థము. పొట్టేలు వెనుకకు తగ్గి, పరుగున వచ్చి, తలతో ఢీకొట్టుట మీరు చూచియుందురు. ఈ యంత్రములోని నీరును అట్లే పరుగున వచ్చి ఢీకొట్టును. కావున మనము దీనిని ‘నీటి పొట్టేలు’ అనుకొనవచ్చును.

దీని పుట్టుక యించుక తెలిసికొందము. ఇంగ్లండులో జాన్ వైట్‌హర్‌స్ట్ అను గడియారముల నిపుణుడుండెను. ఆయన 1772లో చెషైర్ ప్రాంతమున ఓల్టన్ అనుచోట ఇట్టి సాధనమును మొదట అమర్చి, నీటిని సుమారు 16 అడుగుల ఎత్తునకు చేర్చెను. కాని దానిలో ఒక కొఱత యుండెను. ఒకరు మాటిమాటికి కుళాయిని త్రిప్పి, మూసి, మఱల త్రిప్పవలసి వచ్చెడిది. ఈ కొఱతను తీర్చినవాడు ఫ్రాన్సు దేశీయుడైన జోసెఫ్ మాంట్‌గోల్ఫియర్. 1783లో తన సోదరునితో కూడి వేడిగాలి బుడగను ఆకాశమున కెగురవేసి లోకప్రసిద్ధుడైన మాంట్‌గోల్ఫియర్ ఇతడే. వారిది కాగితముల పరిశ్రమ. వోయిరాన్ గ్రామమందలి తన కాగితపు మిల్లునకు నీరెత్తుటకై యాతడు 1796లో, మనిషి చేయి తగులకుండ తనంత తానే తెఱచుకొని మూసికొను యంత్రమును నిర్మించెను. దానికి ఫ్రెంచి భాషలో పొట్టేలు పేరు పెట్టినదియు నాతడే. మఱుసటి సంవత్సరమే, జేమ్స్ వాట్‌నకు వ్యాపారమున భాగస్వామియైన మాథ్యూ బౌల్టన్, మిత్రుని పక్షమున ఇంగ్లండులో దానికి పేటెంటు పొందెను.

ఇక నీ యంత్రము పనిచేయు విధమును పరిశీలింతము. మీ యింటిలో కుళాయి ధారాళముగా వచ్చుచుండగా చటుక్కున కట్టివేసినచో, గోడలోని గొట్టము ‘దబ్బు’మని చప్పుడు చేయుట ఎప్పుడైన వింటిరా? తిరునాళ్ళలో ఇరుకు సందున జనము వేగముగా పోవుచున్నదనుకొనుడు. ముందువాడు హఠాత్తుగా ఆగినచో ఏమగును? వెనుకవారు వెంటనే ఆగలేరు. ఒకరిపై నొకరు తోసికొందురు. ఆ త్రోపుడు ముందువాని వీపునకు ఎంత బలముగా తగులునో యూహింపుడు. గొట్టములో పరుగెత్తు నీటికిని ఇదే గతి. దీనినే శాస్త్రజ్ఞులు జలఘాతమందురు.

ఈ ఘాతము సామాన్యమైనది కాదు. సెకనుకు ఒక మీటరు వేగముతో ఉక్కు గొట్టములో పోవు నీటిని ఒక్క పెట్టున ఆపినచో పుట్టు ఒత్తిడి, 100 మీటర్లకు మించిన నీటి స్తంభము అడుగున నుండు ఒత్తిడికి సమానము. పందొమ్మిదవ శతాబ్ది చివర రష్యా శాస్త్రజ్ఞుడు ఝుకోవ్‌స్కీ మాస్కో నగరపు నీటి గొట్టములపై పరీక్షలు జరిపి దీని లెక్కను నిర్ణయించెను. నగరములలో ఈ దెబ్బకు గొట్టములు పగులును గనుక ఇంజనీర్లు దీనిని శత్రువుగా చూతురు. నీటి పొట్టేలు ఆ శత్రువును పనివానిగా మార్చుకొన్నది.

యంత్రములోని భాగములు కొద్దియే. ఎగువనున్న నీటి తొట్టినుండి ఏటవాలుగా దిగివచ్చు ఉక్కు గొట్టమొకటి. దాని చివర యంత్రపు ఇనుప శరీరము. ఆ శరీరమునకు రెండు కవాటములుండును. పనివారు వీనిని వాల్వులందురు. మొదటిది బయటికి నీటిని వదలు కవాటము. ఇది సాధారణముగా తన బరువుచేత తెఱచుకొనియుండును. రెండవది లోపలి కవాటము; ఇది నీటిని పైకి పోనిచ్చును గాని వెనుకకు రానీయదు. దానిపైన గాలితో నిండిన గుండ్రని గది. ఆ గది అడుగునుండి, కొండపైనున్న పల్లెకు పోవు సన్నని గొట్టము బయలుదేఱును.

మొదట బయటి కవాటము తెఱచియుండును. నీరు ఏటవాలు గొట్టము వెంట దిగి, ఆ కవాటము గుండ బయటికి పోవుచుండును. పోనుపోను దాని వేగము హెచ్చును. వేగము చాలినంత కాగానే ఆ ప్రవాహమే కవాటమును పైకి నెట్టి టక్కున మూసివేయును. బయటి దారి మూసికొన్నది. వెనుకనుండి పరుగెత్తివచ్చు నీరు ఆగలేదు. జలఘాతము పుట్టును. ఆ ఒత్తిడికి లోపలి కవాటము తెఱచుకొనగా కొంచెము నీరు గాలిగదిలోనికి చొచ్చుకొనిపోవును. అంతటితో నీటి ఊపు తీఱును. గొట్టములో ఒత్తిడి తగ్గును. లోపలి కవాటము మూసికొనును. ఒక్క క్షణము నీరు వెనుకకు తగ్గినట్లగును. అపుడు బయటి కవాటము తన బరువుచేత క్రిందికి జాఱి తెఱచుకొనును. నీరు మఱల పరుగు మొదలిడును. పొట్టేలు వెనుకకు తగ్గి, మఱల ఢీకొనుటకు వచ్చినట్లే గదా!

ఈ క్రమము నిమిషమునకు సుమారు 40 మొదలు 90 సార్ల వఱకు జరుగుచుండును. గాలిగదిలో చేరిన నీరు అందలి గాలిని నొక్కును. నొక్కబడిన గాలి స్ప్రింగు వలె నీటిని అడుగునుండి త్రోయును. కావుననే క్రింద దెబ్బ దెబ్బగా కొట్టుచున్నను, పైన పల్లెలోని తొట్టిలో ధార యెడతెగక పడుచుండును. ఇందులో నొక చిన్న సూక్ష్మము కలదు. గాలిగదిలోని గాలి కొద్దికొద్దిగా నీటిలో కరగి వెడలిపోవును. గాలి లేనిచో దెబ్బయంతయు ఇనుముపై పడి యంత్రము చెడును. అందుచే లోపలి కవాటమునకు దిగువగా సూదిబెజ్జమంత రంధ్రము నుంచుదురు. నీరు వెనుకకు తగ్గిన ప్రతిసారియు ఆ రంధ్రము గుండ చిటికెడు గాలి లోనికి పోయి నష్టమును పూరించును.

ఇంతవఱకు విన్నవారు “ఖర్చు లేకయే నీరు పైకెక్కుచున్నదే! ఇది ఇంద్రజాలము” అనవచ్చును. కాదు. ప్రకృతి యెవరికిని ఊరక ఏమియు నీయదు. ఏతాము తొక్కువాడు దూలముపై నడచి తాను క్రిందికి దిగినపుడే బొక్కెన పైకెక్కును. ఇచటను అట్లే చాల నీరు కొంత దిగినపుడు కొంచెము నీరు చాల ఎత్తు ఎక్కును. ఎంత దిగిన నెంత యెక్కునో లెక్క వేయుదము.

తూర్పు కనుమలలో కొండ వాలున నొక పల్లె కలదనుకొందము. పల్లెకు దిగువగా గెడ్డ పాఱుచున్నది. ఉత్తరాంధ్రమున కొండవాగును గెడ్డ యందురు. గెడ్డనుండి నిమిషమునకు 60 లీటర్ల నీటిని యంత్రములోనికి మళ్ళింపవచ్చును. ఆ నీరు 3 మీటర్లు దిగును. పల్లె యంత్రముకంటె 30 మీటర్ల ఎత్తున నున్నది. దిగు నీటి బలము 60ని 3చే గుణింపగా 180. ఒరపిడిచేతను, చప్పుడుచేతను, ఇతర నష్టములచేతను ఇందు కొంత పోవును. నూటికి 60 వంతులు ఫలించిన మంచి యంత్రమనవచ్చును. 180లో నూటికి 60 వంతులనగా 108. దానిని ఎత్తవలసిన 30 మీటర్లచే భాగింపగా 3.6 వచ్చును. అనగా నిమిషమునకు 3.6 లీటర్లు పల్లె చేరును, తక్కిన 56.4 లీటర్లు మఱల గెడ్డలోనికే పోవును.

“అఱువదింటిలో మూడున్నరయేనా!” అని పెదవి విఱువవలదు. ఈ యంత్రమునకు రాత్రి లేదు, సెలవు లేదు. దినమునకు 1,440 నిమిషములు. 3.6ను 1,440చే గుణింపుడు: 5,184 లీటర్లు! గ్రామముల ఇంటింటికి నీరందించుటకై కేంద్రప్రభుత్వము 2019లో ప్రారంభించిన జల్ జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్లను ప్రమాణముగా పెట్టుకొన్నది. ఆ ప్రమాణమున ఈ నీరు 94 మందికి చాలును. అయిదుగురున్న కుటుంబమునకు దినమునకు 275 లీటర్లు కావలెను. పదునైదు లీటర్ల బిందెలతో పదునెనిమిది బిందెలకు పైమాట. ఆ పదునెనిమిది బిందెలను 30 మీటర్ల మిట్టపైకి ప్రతిదినమును మోయునది యెవరు? చాలచోట్ల ఆ యింటి ఇల్లాలు, ఆమె వెంట బడికి పోవలసిన బాలిక. నిమిషమునకు 3.6 లీటర్లన్న మాట చిన్నదిగా కనబడినను, ఆ బాలిక చేతినుండి బిందె దింపి పుస్తకమునుంచు మాట అది.

అయితే నీరున్న ప్రతిచోటను ఈ యంత్రము పనిచేయునా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకయే పలువురు మోసపోవుదురు. నీరు విస్తారముగా నున్న చాలునని వారి తలంపు. ఇబ్రహీంపట్నమునే చూడుడు. రేవున నిలిచి చూచినచో కృష్ణ యెంత విశాలము! ప్రకాశం బ్యారేజి నిలిపిన నీరు అచటి దాక వ్యాపించియుండును. ఒడ్డుననే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రము ఆ నీటిని వాడుకొనుచున్నది. ఇంత నీరున్నను నీటి పొట్టేలు అచట ఒక్క చుక్కనైనను ఎత్తలేదు. ఏలన, అచట నీరు అద్దము వలె సమముగా నున్నది. దిగుటకు మెట్టు లేదు. “పోనిమ్ము, వరద రోజులలో ప్రవాహ వేగము కలదు గదా” అందురేమో. సెకనుకు ఒక మీటరు వేగముతో పోవు నీటిలోని బలము, అయిదు సెంటీమీటర్లు దిగు నీటి బలమునకు మాత్రమే సమానము. దానితో ఈ యంత్రము కదలదు. నీరు ఎంత యున్నది అనునది రెండవ ప్రశ్న. ఎంత దిగుచున్నది అనునదియే మొదటి ప్రశ్న.

ఇబ్రహీంపట్నమునకు పొరుగుననే కొండపల్లి కొండలున్నవి. అచట ఎత్తునకు కొదువ లేదు. కాని వానకాలమున ఉఱికివచ్చు ఆ కొండవాగులు వేసవిలో ఎండిపోవును. దాహము హెచ్చు వైశాఖ జ్యేష్ఠములందు పనిచేయని యంత్రము ఉండియు లేనట్లే. ఇక డెల్టా కాలువల లాకుల వద్ద నీరు ఒక మెట్టు దిగుచుండును. ఒక మీటరు మెట్టున్న చోట ఈ యంత్రమును నడుపుట సాధ్యమే. కాని కాలువలు కట్టివేసిన నెలలలో అదియు ఆగిపోవును. ఒండ్రునీటి బెడదయు నుండును. ఈ విధముగా చూడగా, నీటి పొట్టేలునకు తగిన చోటు మహానది కాదు. ఏడాది పొడుగున ఎండక, వాలున దిగు చిన్న గెడ్డ. పాడేరు, అరకు వంటి మన్యప్రాంతముల కొండలలో అట్టి గెడ్డలు, ఊటలు కలవు. అచటను ఊట పల్లెకు ఎగువన నున్నచో యంత్రముతో పనియే లేదు. వట్టి గొట్టము వేసిన నీరు తానే దిగివచ్చును. నీరు దిగువన, పల్లె ఎగువన ఉన్నచోటనే పొట్టేలు కావలెను.

కావున తగిన చోటును నిర్ణయించుటకు కొన్ని లక్షణములను చూడవలెను. గెడ్డ నడి వేసవిలోను పాఱవలెను. నీరు కనీసము ఒక మీటరు దిగుటకు వీలుండవలెను. ఎత్తవలసిన మిట్ట, నీరు దిగు లోతునకు ఇంచుమించు పదిరెట్ల లోపున నున్నచో మేలు. ఇరువది రెట్లు దాటినచో ఫలము మిక్కిలి తగ్గును. ఏటవాలు గొట్టము ఉక్కుదై, వంకరలు లేక తిన్నగా నుండవలెను. మెత్తని ప్లాస్టిక్ గొట్టము దెబ్బకు ఉబ్బి, జలఘాతపు బలమును తానే మ్రింగివేయును. ఆకులు, ఇసుక కవాటములలో చిక్కుకొనకుండ తొట్టి నోటికి జల్లెడ యుండవలెను. బయటికి వచ్చు నీరు నిలువక పోవుటకు పల్లమార్గముండవలెను. వరదలో యంత్రము మునిగినచో పొట్టేలు కొట్టలేదు.

వీనిలో ముఖ్యమైన రెండు కొలతలను విద్యార్థులే తీయవచ్చును. గెడ్డకు చిన్న మట్టికట్ట వేసి, నీరంతయు ఒక గొట్టము గుండ వచ్చునట్లు చేసి, క్రింద 15 లీటర్ల బకెట్టు పెట్టుడు. అది 15 సెకనులలో నిండినచో నిమిషమునకు 60 లీటర్లు. ఎత్తుపల్లముల భేదమును, తాపీమేస్త్రీలు వాడు నీటిమట్టపు గొట్టముతో కొలువవచ్చును. పారదర్శకమైన ఆ గొట్టములో నీరు పోసి రెండు కొనలను పైకెత్తినచో రెండు కొనలందును నీరు ఒకే మట్టమున నిలుచును. ఈ కొలతలు వేసవిలోనే తీయవలెను. శ్రావణమున కొలిచిన గెడ్డ వైశాఖమున మాట తప్పును.

ఈ యంత్రమున కదలు భాగములు రెండు కవాటములు మాత్రమే. నిమిషమునకు అఱువదిసార్లు కొట్టు యంత్రము దినమునకు 86,400 సార్లు కొట్టును. మన గుండె కొట్టుకొను లెక్కకు ఇంచుమించు దగ్గఱ. కనుక కవాటపు రబ్బరు అఱుగును, మరలు వదులగును. వానిని మార్చుట ఊరి పనివానికే తెలిసియుండవలెను. ఫిలిప్పీన్సు దేశమున నీగ్రోస్ ద్వీపమునందు ఎయిడ్ఫీ అను సంస్థ ఇట్టి యంత్రములను కొండ పల్లెల కొఱకు స్థానికముగానే తయారుచేసి, ఆ కృషికి 2007లో ఆష్డెన్ బహుమానమును పొందెను. మన దేశమున ఉత్తరాఖండ్ కొండలలో లఘు నీటిపారుదల శాఖవారు మెట్ట పొలములకై హైడ్రమ్‌లను అమర్చిరి. మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను: పొట్టేలు నీటిని ఎత్తును గాని శుద్ధి చేయదు. త్రాగు నీటిని కాచియో వడపోసియో త్రాగవలసినదే.

విద్యుత్తీగలు చేరినచోట, సూర్యకాంతితో నడచు పంపులు దొరకినచోట ఈ పాత యంత్రముతో అవసరము లేకపోవచ్చును. ఏ పరికరము మేలు అనునది ఆ చోటును బట్టి నిర్ణయింపవలసినది. కాని ఏ పరికరమును ఎన్నుకొన్నను లెక్క యొక్కటే: ఎక్కిన నీటికి బలము ఎక్కడినుండి వచ్చినదో చెప్పగలుగవలెను. “మా యంత్రమునకు నూనె వలదు, విద్యుత్తు వలదు, మీ చెఱువులో దింపిన చాలును” అని యెవరైన మీ యూరికి వచ్చి చెప్పినచో, వెంటనే నమ్మకుడు, వెంటనే త్రోసివేయకుడు. “అయ్యా, ఇచట నీరు ఎన్ని మీటర్లు దిగును?” అని యొక్క ప్రశ్న అడుగుడు. సమాధానము చెప్పగలిగినచో బకెట్టును, నీటిమట్టపు గొట్టమును తీసికొని అతనితో గట్టునకు పొండు.